విరుద్ధ రాజ్యములో వ్యాపారము
(ఒక వర్తకుడు, కల్లావి)

వర్తకునకు ప్రయాణము వృత్తిధర్మము. కూర్చున్న చోటికి లాభము నడచి రాదని మన పెద్దలు చెప్పుచుండెడివారు. మార్వాడు నుండి, గుజరాతు నుండి, తెలుగు దేశము నుండి బయలుదేరి హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో మనవారు అంగళ్లు పెట్టుకొనుటకు ఆ ప్రయాణమే కారణము. అయితే జైనధర్మము శ్రావకుని చేతికి త్రాసును విడిచిపెట్టుచునే, దానితోపాటు ఒక హద్దును కూడ ఇచ్చినది. ఎంత దూరము పోవచ్చును, ఎక్కడ నిలిచిపోవలెను అని ఎవరికి వారు నిర్ణయించుకొనవలసిన ఆ హద్దునకు దిగ్వ్రతమని పేరు. పూజా సమయములో ఈ మాట వినుచునే యున్నాము. అంగడిలో కూర్చున్నప్పుడు అది జ్ఞాపకమునకు వచ్చుట అరుదు. ఈ దినములలో మన యువకులకు పశ్చిమాఫ్రికా దేశముల నుండి పిలుపులు వచ్చుచున్నవి గనుక ఆ వ్రతమును గూర్చి మరల ఆలోచింపవలసిన అవసరము కలిగినది.

పిలుపు వచ్చుటలో ఆశ్చర్యము లేదు. ప్రపంచములో పచ్చి జీడిగింజలను అన్నిటికంటె ఎక్కువగా పండించు దేశము ఐవరీ కోస్టు. బెనిన్, ఘనా, గినీ బిస్సావు దేశములలో కూడ జీడితోటలు విస్తారముగా కలవు. పలాసలోను, పన్రుటిలోను, కొల్లములోను ఉన్న జీడిపప్పు కార్ఖానాలకు మన దేశపు పంట చాలదు. ఆ లోటును తీర్చునది చాలవరకు ఆ తోటలే. మన హోసూరులో తయారైన టీవీఎస్ మోటారు సైకిళ్లు ఆఫ్రికా ఖండములో బాడుగ బండ్లుగా తిరుగుచున్నవి. బియ్యము, మందులు, సిమెంటు, ఇనుము, విద్యుత్ స్తంభముల పనులు, అన్నిటిలోను భారతీయులు ఉన్నారు. ఇక్కడ పది సంవత్సరములలో కూడబెట్టలేనిది అక్కడ మూడు సంవత్సరములలో కూడబెట్టవచ్చునని చెప్పువారు ఉన్నారు. ఆ మాట అన్నివేళల అబద్ధము కాదు.

కాని ఆ నాణెమునకు రెండవ వైపును కూడ చూడవలెను. మాలీ దేశములో 2020 ఆగస్టులో ఒకసారి, 2021 మేలో మరియొకసారి సైనికులు ప్రభుత్వమును చేజిక్కించుకొనిరి. 2021 సెప్టెంబరులో గినీలోను, 2022లో జనవరి, సెప్టెంబరు మాసములలో రెండుసార్లు బుర్కినా ఫాసోలోను, 2023 జూలైలో నైజరులోను అదే జరిగినది. 2025 నవంబరులో ఎన్నికలు ముగిసిన కొద్ది దినములకే గినీ బిస్సావులో సైన్యము అధికారము గైకొన్నది. నైజరులో రాజ్యము మారినప్పుడు పొరుగు దేశములు సరిహద్దులు మూసివేసినవి. కొటోను రేవులో దిగి నైజరునకు పోవలసిన సరకు దారిలోనే నిలిచిపోయినది. అప్పు చేసి సరకు పంపినవానికి దాని అర్థమేమో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ధననష్టము ఒక ఎత్తు, ప్రాణభయము ఇంకొక ఎత్తు. 2025 జూలై 1వ తేదీన మాలీ పశ్చిమ భాగములోని కాయీసు వద్ద ఒక సిమెంటు కార్ఖానాపై సాయుధులు దాడిచేసి ముగ్గురు భారతీయులను ఎత్తుకొనిపోయిరి. వారిలో తెలుగువారు కూడ ఉన్నారు. అదే నెల 15వ తేదీన నైజరులోని దోసో ప్రాంతములో జరిగిన దాడిలో ఇద్దరు భారతీయులు మరణించిరి, ఒకరు అపహరింపబడిరి. నవంబరులో మాలీలోనే విద్యుత్ పనులు చేయుచున్న అయిదుగురిని తీసికొనిపోయిరి. ఆ అయిదుగురును మన తమిళనాడువారే. వీరెవ్వరును సాహసము చూపుటకు పోయినవారు కారు, కుటుంబ పోషణకై పోయినవారు. ఆ వార్త చదివిన ప్రతి తల్లియు తన కుమారుని తలచుకొనియుండును.

కావున ప్రశ్న ఇది. రాజ్యము నిలుకడగా లేని దేశమునకు శ్రావకుడు వ్యాపారమునకై పోవచ్చునా? తాను పోక ఇతరులను పంపవచ్చునా? పోయినచో అక్కడ ఎట్లు నడచుకొనవలెను? ఈ మూడింటికిని మన శాస్త్రములలో ఆధారము కలదని నాకు తోచుచున్నది. నేను పండితుడను కాను. ముని మహారాజుల ప్రవచనములలో విన్నదియు, మా ఇంటనున్న గ్రంథములలో చదివినదియు మాత్రమే ఇక్కడ వ్రాయుచున్నాను.

ముందు దిగ్వ్రతమును చూతము. నదిని గాని, సముద్రమును గాని, కొండను గాని, దేశమును గాని గుర్తుగా పెట్టుకొని, పది దిక్కులలోను ఇంతకు మించి పోనని జీవితాంతము వరకు నియమము చేసికొనుట దిగ్వ్రతము. ఆ హద్దులోపలనే మరల కొద్దికాలమునకు ఇంకను చిన్న హద్దు ఏర్పరచుకొనుట దేశవ్రతము. దిగంబరులు దీనిని గుణవ్రతములలో లెక్కింతురు, శ్వేతాంబరులు దేశావకాశికమను పేర శిక్షావ్రతములలో లెక్కింతురు. లెక్క వేరైనను భావము ఒక్కటే. ఇది ప్రాణభీతి చేత పుట్టిన నియమము కాదు. హద్దునకు ఆవల మన మూలముగా జరుగు హింస, లోభము, అసత్యము అన్నియు ఆగిపోవును గనుక, ఆ మేరకు గృహస్థుడైనను మహావ్రతితో సమానుడగునని ఆచార్యులు చెప్పిరి. అనగా దిగ్వ్రతము కాలికి వేసిన సంకెల కాదు, ఆశకు కట్టిన గట్టు.

ఈ వ్రతమునకు చెప్పిన అతిచారములలో రెండు మన విషయమునకు చక్కగా అన్వయించును. ఒకటి క్షేత్రవృద్ధి, అనగా పెట్టుకొన్న హద్దును కొద్దికొద్దిగా పెంచుకొనుట. రెండవది హద్దును మరచిపోవుట. ఇంటనుండి బయలుదేరునప్పుడు ఎవ్వడును యుద్ధభూమికి పోదునని చెప్పడు. రేవు పట్టణములోనే ఉందునని చెప్పును. పిదప సరకు అక్కడకంటె లోపలి ఊరిలో చౌకయని తెలియును. ఆ ఊరినుండి సరిహద్దు ఊరు మూడు గంటల దారియే అగును. సరిహద్దునకు ఆవల ఇంకను చౌక. ఇట్లు లాభము చేయిపట్టుకొని నడిపించుచుండగా హద్దు ఎక్కడ దాటెనో మనిషికి తెలియదు. అపాయము గూర్చి వ్రాసిన సూత్రములు కావివి, ఆశను గూర్చి వ్రాసినవి. అయినను ఈ కాలమున రెండును ఒక్కదారినే పోవుచున్నవి.

జ్ఞాతాధర్మకథలోని మాకందీ పుత్రుల వృత్తాంతము మన ఇళ్లలో అందరు ఎరిగినదే. చంపానగరపు వర్తకుడైన మాకందికి జినపాలితుడు, జినరక్షితుడు అని ఇద్దరు కుమారులు. వారు పదకొండుసార్లు లవణసముద్రము మీద ప్రయాణము చేసి, ప్రతిసారియు ధనముతో క్షేమముగా తిరిగివచ్చిరి. పన్నెండవసారి పోదుమనగా తలిదండ్రులు వారించిరి. ఏడు తరములు అనుభవించినను, దానము చేసినను తరగని సొమ్ము మనకు కలదు, ఈ పన్నెండవ యాత్ర ఉపద్రవముతో కూడినది, వలదు అని బతిమాలిరి. కుమారులు వినలేదు. ఓడ పగిలినది. ఒక పలకను పట్టుకొని రత్నద్వీపము చేరి, అక్కడి దేవత చేతిలో చిక్కుకొనిరి. చివరకు శైలక యక్షుడు గుఱ్ఱమై వారిని వీపున ఎక్కించుకొని సముద్రము దాటించుచుండగా, వెనుకకు తిరిగి చూడరాదను మాటను నిలుపుకొన్న జినపాలితుడు ఇల్లు చేరెను. దేవత పిలుపునకు మనసు కరగి తిరిగి చూచిన జినరక్షితుడు నశించెను.

ఈ కథలో నన్ను ఆలోచింపజేసినది రత్నద్వీపము కాదు, పదకొండు అను సంఖ్య. మొదటి ప్రయాణమును తలిదండ్రులు తప్పు పట్టినట్లు కథలో లేదు. అవసరమునకు చేసిన ప్రయాణము వేరు, అవసరము తీరిన పిదప చేసిన ప్రయాణము వేరు. పదకొండుసార్లు క్షేమముగా వచ్చుటయే పన్నెండవసారికి ధైర్యమైనది. “మా వాడు అక్కడ అయిదేళ్లుగా ఉన్నాడు, ఏమీ కాలేదు” అని మనము చెప్పు మాట కూడ అటువంటిదే. ఏమియు కాకపోవుట అపాయము లేదనుటకు సాక్ష్యము కాదు.

దీనికి కొందరు మూడు ఆక్షేపణలు చెప్పుదురు. మన తాతముత్తాతలు ఇట్లే హద్దులు పెట్టుకొనియుండినచో మనము ఇక్కడ ఉండెడివారమా అనునది మొదటిది. వారు దూరము వచ్చిరి, నిజమే. కాని ముందు వచ్చిన బంధువు ఉత్తరము వ్రాసిన పిదప వచ్చిరి. ఏ ఊరిలో ఎవరి అంగడిలో దిగవలెనో, ఎవరి హుండీ చెల్లునో తెలిసికొని వచ్చిరి. దూరమును వారు లెక్కచేయలేదు గాని, తెలియనితనమును లెక్కచేసిరి.

అపాయము ఎక్కడ లేదు, మన హోసూరు రహదారి మీద ప్రతిదినము ప్రమాదములు జరుగుటలేదా అనునది రెండవది. జరుగుచున్నవి. కాని రహదారి మీద దెబ్బ తగిలినవానిని ఆసుపత్రికి చేర్చుటకు బండి కలదు, నేరమును విచారించుటకు పోలీసు కలదు, ఇంటికి వార్త చేరును. రాజ్యమే చెదరిన చోట ఈ మూడును ఉండకపోవచ్చును. 2025లో మాలీ రాజధాని బమాకోకు పోవు ఇంధనపు ట్యాంకర్లను సాయుధులు దారిలో తగులబెట్టగా, పెట్రోలు దొరకక ఆ దేశమంతట పాఠశాలలను రెండు వారములు మూసివేయవలసి వచ్చినది. అపాయమును తూచునప్పుడు అది వచ్చునా రాదా అని మాత్రమే కాదు, వచ్చినచో ఆదుకొనువాడెవడు అని కూడ తూచవలెను.

మూడవది, కర్మలో ఎట్లున్నదో అట్లు జరుగును గదా అనునది. ఈ మాట జైనుని నోట రాదగినది కాదు. ఉపాసకదశలో సద్దాలపుత్రుడను కుమ్మరి, అంతయు నియతి ప్రకారమే జరుగునని నమ్మినవాడు, భగవాన్ మహావీరునితో సంభాషించినట్లు ఉన్నది. నీ కుండలను ఎవడైన పగులగొట్టినచో ఏమి చేయుదువని ప్రభువు అడుగగా, వానిని దండింతునని కుమ్మరి చెప్పెను. అంతయు నియతియే అయినచో దండించుట ఎందుకు అను ప్రశ్నతో వాని కన్నులు తెరచుకొనినవి. మనము కూడ అంగడికి రాత్రి తాళము వేయుచున్నాము. తాళము వేయునప్పుడు జ్ఞాపకమునకు రాని కర్మ, కుమారుని విమానము ఎక్కించునప్పుడు మాత్రము జ్ఞాపకమునకు వచ్చుట న్యాయము కాదు. ప్రమాదమనగా అజాగ్రత్త. అజాగ్రత్తతో ప్రాణమునకు హాని కలిగించుటయే హింసయని తత్త్వార్థసూత్రము నిర్వచించినది. ఆ ప్రాణము ఇతరులదైనను ఒక్కటే, మనదైనను ఒక్కటే.

ఇక అక్కడ నడచుకొనవలసిన తీరు. అచౌర్యాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో దొంగను ప్రోత్సహించుట, దొంగసొమ్ము కొనుట, కొలతలు తప్పుట, కల్తీ చేయుట అను నాలుగు మనకు పరిచితములే. అయిదవది విరుద్ధ రాజ్యాతిక్రమము. రాజ్యము చెదరియున్న సమయములో న్యాయమార్గము తప్పి సరకు గ్రహించుట అని దాని భావము. అటువంటిచోట విలువైన వస్తువులు స్వల్పమైన వెలకు దొరకునని చేయు ప్రయత్నమే ఈ దోషమని పూజ్యపాదాచార్యులు తమ వ్యాఖ్యానములో వివరించిరి. సుమారు 1500 సంవత్సరముల క్రిందటి ఆ వాక్యము నేటి వర్తకుని చూచి వ్రాసినట్లున్నది. ఆచార్యులు దీనిని సాహసముల క్రింద చేర్చలేదు, దొంగతనము క్రింద చేర్చిరి. అది గమనింపదగినది.

గినీ బిస్సావు సంగతి తీసికొందము. ఆ దేశపు ఎగుమతులలో అధిక భాగము జీడిగింజలే. చిరకాలము వాటిని ఎక్కువగా కొన్నది మన దేశమే. అక్కడి చిన్న కాపులు జీడిగింజలను బియ్యమునకు బదులుగా ఇచ్చుట కూడ కలదు. 2012 ఏప్రిలులో, సరిగా గింజ కోతకు వచ్చిన కాలమున, అక్కడ సైన్యము తిరుగుబాటు చేసెను. అటువంటి సమయమున కొనువారు వెనుదీయుదురు, కాపు ఇంట బియ్యము నిండుకొనును. ఇంతకుముందు రెండు బస్తాల బియ్యమునకు ఇచ్చిన గింజను ఒక బస్తాకు అడుగగలిగిన వర్తకుడు తన తెలివిని మెచ్చుకొనవచ్చును. కాని ఆ రెండవ బస్తా ఎవరిది? త్రాసు సరిగా ఉండవచ్చును, రసీదు సరిగా ఉండవచ్చును, అయినను అది విరుద్ధ రాజ్యాతిక్రమమే. చిన్న గనులలో చేతితో తవ్విన బంగారము విషయములో ఇది మరింత తీవ్రము. ఆ బంగారము ఏ తుపాకి నీడన తవ్వినదో, ఏ సుంకపు గేటును తప్పించుకొని వచ్చినదో అడుగక కొనువాడు, ఇక్కడ మామూలు దొంగసొమ్ము కొనువానికంటె ఏ విధముగా మేలు?

మన చరిత్రలో దీనికి ఎదురు ఉదాహరణ కూడ కలదు. 13వ శతాబ్దములో కచ్ఛ దేశపు భద్రేశ్వరములో జగడూశాహు అను శ్రావకుడు సముద్ర వ్యాపారము చేసి గొప్ప ధనవంతుడయ్యెను. ఘోరమైన కరవు వచ్చినప్పుడు అతని కొట్లలోని ధాన్యమునకు ఎంత ధర చెప్పినను చెల్లియుండును. అతడు దానిని పంచిపెట్టెను. ఏడు వందల సంవత్సరములు గడచినను మనము ఆ పేరు చెప్పుకొనుచున్నాము. ఆ కరవులో ధాన్యము అమ్మి లాభపడినవారి పేర్లు ఎవరికి తెలియును?

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న, తాను పోక ఇతరులను పంపుట. దేశవ్రతమునకు చెప్పిన అతిచారములలో ప్రేష్యప్రయోగము ఒకటి, ఆనయనము ఒకటి. తాను దాటనని నియమము పెట్టుకొన్న హద్దునకు ఆవలికి సేవకుని పంపి పని జరిపించుకొనుట ప్రేష్యప్రయోగము. అక్కడి వస్తువును ఇక్కడికి తెప్పించుకొనుట ఆనయనము. కాలు కదపక కూర్చున్నంత మాత్రమున వ్రతము నిలువదని ఆచార్యులు ఎంత స్పష్టముగా చెప్పిరో చూడుడు. ఇరవై అయిదు వేల రూపాయల జీతగానిని తాను పోజాలని చోటికి పంపి, ఫోనులో లెక్కలు చూచుకొను యజమాని, “నేను దేశము విడిచి ఎన్నడును పోలేదు” అని చెప్పుకొనుటలో అర్థము లేదు. తన కుమారుని పంపుటకు మనసొప్పని చోటికి ఇతరుల కుమారుని పంపరాదు. ఈ ఒక్క నియమము పాటించినను చాలా పాపము తప్పును.

అయినను పంపక తప్పని సందర్భము ఉండవచ్చును. అప్పుడు జ్ఞాతాధర్మకథలోనే ధన్యసార్థవాహుని మార్గము కలదు. అతడు చంపానగరము నుండి అహిచ్ఛత్రమునకు బిడారు కట్టునప్పుడు ఊరంతట చాటింపు వేయించెను. తనతో వచ్చువారిలో గొడుగు లేనివానికి గొడుగు, చెప్పులు లేనివానికి చెప్పులు, దారిబత్తెము లేనివానికి బత్తెము ఇత్తునని, దారిలో జబ్బుపడినవానికి సహాయము చేయుదునని మాట యిచ్చెను. అంతటితో ఆగలేదు. అడవిలో నందిఫల వృక్షములు కలవని, వాటి పండ్లు చూపునకు ఇంపు, నోటికి తీపి అయినను తిన్నవారు మరణింతురని, ఆ నీడకు కూడ పోవలదని మరల మరల హెచ్చరించెను.

నేటి గొడుగు, చెప్పులు ఏవి? పోవు దేశములో ఏ జిల్లా క్షేమము, ఏది కాదు అని మన ప్రభుత్వము చేయు హెచ్చరికలను పోవువానికి చదివి వినిపించుట. చేరిన వెంటనే భారత రాయబార కార్యాలయములో పేరు నమోదు చేయించుట. సామాన్యమైన బీమా పత్రములలో యుద్ధము, అంతఃకలహము వలన కలుగు నష్టమును సాధారణముగా మినహాయింతురు గనుక, ఆ మినహాయింపు లేని బీమాను యజమాని సొమ్ముతో తీయించుట. తిరుగు ప్రయాణపు ఖర్చు ముందుగానే వాని చేతిలో ఉంచుట. పాస్‌పోర్టును యజమాని దగ్గర పెట్టుకొనక వాని వద్దనే ఉండనిచ్చుట. వాడు భయపడి తిరిగివచ్చినచో జీతము కోయకుండుట. వీటిలో ఏ ఒక్కటియు పెద్ద ఖర్చు కాదు. నందిఫలమును గూర్చిన మాటను దాచి, జీతము మాట మాత్రమే చెప్పి పంపువాడు సార్థవాహుడు కాడు.

ఇంతమాత్రమున ఆ దేశములను వెలివేయవలెనని నా భావము కాదు. అందరు వర్తకులును మానుకొన్నచో జీడితోట కాపునకు బియ్యము ఎవరు తెత్తురు? జబ్బుపడినవానికి మందు ఎవరు చేర్తురు? న్యాయమైన ధర ఇచ్చు వర్తకుడు కష్టకాలములో నిలుచుట కూడ ఒక ఉపకారమే. భయమునకు వ్రతమని పేరు పెట్టుకొనుట సరికాదు. ఆశకు ధైర్యమని పేరు పెట్టుకొనుటయు సరికాదు. రెండింటిని వేరుచేసి చూచుటకే మనకు ఈ వ్రతములు.

మా వైపు ఒక కుటుంబములో ఇటీవల ఈ చర్చ జరిగినది. డిగ్రీ చదివిన మనుమనికి జీడిగింజల కొనుగోలునకై ఐవరీ కోస్టునకు పిలుపు వచ్చినది. “తాతగారూ, అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు, భయమేమీ లేదు” అని అతడనెను. తాతగారు కాదనలేదు. “పోవచ్చు నాయనా. ఎందాక పోతావో, ఎప్పుడు తిరిగి వస్తావో రెండు మాటలూ నీ చేత్తో రాసి పెట్టి పో” అనిరి. అతడు దేవుని గదిలో కూర్చుండి వ్రాసెను. అబిజాను రేవు, దాని చుట్టుపట్ల గిడ్డంగులు మాత్రమే. ఉత్తరపు సరిహద్దు వైపు పోరాదు. మాలీ, బుర్కినా ఫాసో సరకు చౌకయైనను వలదు. అక్కడ జీడి కొనుగోళ్లు ఫిబ్రవరి నుండి జూను వరకే గనుక, ఆషాఢములో చాతుర్మాస్యము మొదలగునప్పటికి ఇంట ఉండవలెను. తాతగారు ఆ కాగితమును మడచి తమ లెక్కల పుస్తకములో పెట్టుకొనిరి. ఆ సంవత్సరము సరిహద్దునుండి చౌక సరకు ఉన్నదని కబురు వచ్చినప్పుడు, ఆ కాగితమే అతనికి జవాబు చెప్పినది. లాభము కొంత తగ్గెను. బాలుడు జూలై మొదటి వారములో ఇల్లు చేరెను.

దిగ్వ్రతమనగా ఇంతే. అది అడవిలోని మునుల కొరకు చెప్పినది కాదు, బండ్లు కట్టి ఓడలు నడిపిన ఆనందాది శ్రావకుల కొరకు చెప్పినది. ఆనందుడు కోట్ల ధనమున్నవాడైనను భగవంతుని ఎదుట నిలిచి, దూరప్రయాణమునకు నాకు ఇన్ని బండ్లే, ఇన్ని ఓడలే అని సంఖ్య చెప్పి పరిమాణము చేసికొనెను. మనకు అన్ని బండ్లు లేవు, ఓడలు అసలే లేవు. అయినను ఫోనులో ఒక్క మాటతో ఏ ఖండమునకైనను సరకునో మనిషినో పంపగల శక్తి మాత్రము కలిగినది. శక్తి పెరిగినప్పుడే హద్దు అవసరము.

కావున శ్రావక సోదరులకు నాదొక మనవి. రానున్న పర్యూషణ పర్వములో ఉపవాసముల సంఖ్యతోపాటు ప్రతి ఇంటి యజమానియు ఒక కాగితము తీసికొని మూడు మాటలు వ్రాయవలెను. నేను ఎంతవరకు పోదును, ఇతరులను ఎంతవరకు పంపుదును, ఏ సరకు ఎంత చౌకయైనను కొనను. ఇంటి ఆడవారికి చదివి వినిపించి, వారి మాట కూడ వినవలెను. పంపినవాని కొరకు రాత్రులు మేల్కొని ఎదురుచూచువారు వారే గదా. పిదప ఆ కాగితమును లెక్కల పుస్తకములోనే పెట్టుకొనవలెను, ఆశ పుట్టు చోటు అదే గనుక.

జై జినేంద్ర.